సత్యరాజు మావయ్య అన్‌ఫిట్ చేసిన చికెన్ పాస్తా

సత్యరాజు మావయ్య పొద్దున్నే టీ తాగే ముందు కప్పుని చెంచాతో కొడతాడు. గట్టిగా కాదు. ఒకసారి అంచు మీద, ఒకసారి పొట్ట మీద, ఒకసారి పిడి దగ్గర. ప్రతి దెబ్బకీ తల పక్కకి వంచి వింటాడు. మూడూ విన్నాక "అన్‌ఫిట్" అంటాడు. అన్నాక తాగుతాడు.

ఆయన రిటైరైన పదకొండేళ్ళ నుంచీ ఇదే వరస అనీ, ఆ కప్పు కూడా పదకొండేళ్ళ నుంచీ అదే అనీ రోజమ్మత్త చెబుతుంది.

"బీటుందంటావు, రోజూ అందులోనే తాగుతావు. ఏటి మనిషివి నువ్వు?"

"బీటుందని తెలిసి తాగడం వేరు, తెలీక తాగడం వేరు."

"నన్ను చేసుకున్నప్పుడు ఎలగ చేసుకున్నావు? తెలిసా, తెలీకా?"

మావయ్య కప్పు ఎత్తుతాడు. టీ తాగుతాడు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే సత్యరాజు మావయ్య ఈ ప్రపంచంలో దేన్నీ ఫిట్ అని ఒప్పుకోడు. ఇందులో ఆయన తప్పు లేదు. కోల్‌కతా పక్కన సంత్రాగాఛి యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు రైలు పెట్టెలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. బండి వచ్చి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని దాని పక్కనే నడుస్తూ ఒక్కో చక్రాన్నీ కొట్టాలి. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీటున్న చక్రం తడిసిన గోడని కొట్టినట్టు పలుకుతుంది. అలా పలికిన పెట్టెని విడదీసి పక్క లైన్లో పెట్టేస్తారు. రిటైరైన రోజు సుత్తిని డిపార్టుమెంటుకి అప్పగించేశాడు. చెవులు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాయి. సుత్తి స్థానంలో చెంచా వచ్చింది. చక్రాల స్థానంలో మేము వచ్చాం.

ఆయన నాకు సొంత మావయ్య కాడు. మా తాతలూ వాళ్ళ తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళు. ఇక్కడ తెలుగు చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఆ బెంచీ పుణ్యాన ఆయన మా అమ్మని చెల్లీ అంటాడు, నేను ఆయన్ని మావయ్యా అంటాను. ఆ బెంచీ కూడా అన్‌ఫిట్టే.

మావయ్య అన్నకూతురు మేరీరాణికి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి ఇల్లు చూడటానికి మెటియాబ్రుజ్ వెళ్ళారు. అబ్బాయి తండ్రి మర్యాదగా కుర్చీ వేశాడు. మావయ్య జేబులోంచి చెంచా తీసి కుర్చీ కాలు మీద కొట్టి, విని, నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి బావగారూ."

"కూర్చోను. ఈ కుర్చీ అన్‌ఫిట్."

"మా నాన్నగారి నాటి టేకు కుర్చీ బావగారూ ఇది" అని నవ్వి, చూడండి అన్నట్టుగా ఆయనే కూర్చున్నాడు. లేపడానికి నలుగురు పట్టారు. అయినా సంబంధం కుదిరింది. ఇంత ముక్కుసూటిగా నిజం చెప్పేవాళ్ళ ఇంటి పిల్ల చాలునని ఆయన నేల మీద కూర్చునే మాటిచ్చాడు. పెళ్ళిలో మావయ్య పెళ్ళికొడుకు భుజం మీద వేలితో తట్టి విన్నాడు. ఏమన్నాడో మేరీరాణి ఇప్పటికీ చెప్పదు.

నా విషయానికొస్తే, ఎం.ఏ. చివరి ఏడాది రాసిన ప్రాజెక్టుని బైండు చేయించి ఆశీర్వాదం కోసం తీసుకెళ్ళాను. అట్ట మీద తట్టాడు.

"మధ్యలో ఎక్కడో డొల్లగా ఉందే గుంటా."

రెండు రోజులు మనసు బాగోలేదు. మూడో రోజు మా గైడు పిలిచి మూడో అధ్యాయంలో విషయం లేదన్నారు. అది కనిపెట్టడానికి ఆవిడకి తొంభై పేజీలు చదవాల్సి వచ్చింది.

ఇలాంటి మనిషి మా కోసం వంటపని పెట్టుకోవడం నిరుటి సంగతి.

నిరుడు సెప్టెంబరులో మా అమ్మకి డెంగీ వచ్చింది. ఆ నెలలో కోల్‌కతాలో ఎవరూ ఎవరినీ బాగున్నారా అని అడగరు. ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతారు, క్రికెట్ స్కోరు అడిగినట్టు. అమ్మ ఆస్పత్రిలో ఐదు రోజులుండి ఇంటికొచ్చింది. జ్వరం పోయింది. పోతూ పోతూ ఆకలిని కూడా వెంటబెట్టుకు పోయింది.

మా అమ్మ పేరు రేబెకా. వాట్‌గంజ్‌లో రేవు కూలీల పిల్లల కోసం నడిచే చిన్న బళ్ళో తెలుగు క్లాసు చెబుతుంది. ఆ క్లాసులో పద్దెనిమిది మంది పిల్లలు, ఒక బల్ల, ఒక అమ్మ. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. దుర్గాపూజ సెలవులయ్యాక బడి తెరిచే రోజుకి డాక్టర్ ఇచ్చిన ఫిట్ సర్టిఫికెట్‌తో వస్తే సరే, లేకపోతే పద్దెనిమిది మందినీ పక్కగదిలోని హిందీ క్లాసులో కలిపేస్తామని కమిటీవాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. చాలా మర్యాదగానే చెప్పారు. ఒకసారి కలిపేశాక మళ్ళీ విడదీయరని అమ్మకి తెలుసు.

మా వీధి చివరి డాక్టర్ బాబు అమ్మని బరువు చూసే మిషన్ ఎక్కించాడు. ముప్ఫై తొమ్మిది కిలోలు.

"నలభై మూడు చూపించండి, సంతకం పెడతాను" అన్నాడు. "మాటలు చెప్పొద్దు. మిషన్ చెప్పాలి."

చేతిలో ఏడు వారాలున్నాయి. కావలసింది నాలుగు కిలోలు. అమ్మ తినేది పూటకి మూడు చెంచాలు.

ఊరు ఊరంతా సాయానికి వచ్చింది. కింది అంతస్తు కాసులమ్మ పిన్ని కోడిగుడ్డు పులుసు తెచ్చింది. చర్చి స్త్రీల సమాజం జావ తెచ్చింది, సేమ్యా తెచ్చింది, ఇంకో రకం జావ తెచ్చింది. అమ్మది మహా మర్యాద. ఏది తెచ్చినా అర చెంచా నోట్లో పెట్టుకుని "చాలా బాగుంది వదినా" అనేది. బాగుందన్న తర్వాత ఇంక తినాల్సిన పనుండదు. తెచ్చినవాళ్ళు తృప్తిగా వెళ్ళిపోయేవారు. గిన్నె నా దగ్గరికి వచ్చేది. నాన్న గూడ్స్ గార్డు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ ఇంట్లో ఉండని ఉద్యోగమే. కాబట్టి అన్ని గిన్నెలకీ నేనొక్కదాన్నే దిక్కు. పదిహేను రోజుల్లో నేను మూడు కిలోలు పెరిగాను. డాక్టర్ బాబు నన్ను చూసి "ఈ అమ్మాయికైతే ఇప్పుడే సంతకం పెడతాను" అన్నాడు.

ఒకరోజు మావయ్య వచ్చి ఈ మర్యాదంతా గుమ్మంలో నిలబడి చూశాడు. చర్చివాళ్ళు వెళ్ళాక లోపలికొచ్చాడు. మంచం కోడుని తట్టి అన్‌ఫిట్ అన్నాడు. టానిక్ సీసాని తట్టి అన్‌ఫిట్ అన్నాడు. అమ్మ వంక కాసేపు చూసి, చెంచా జేబులో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"అన్నం ఎందుకు తినవు చెల్లీ?"

"వాసన పడటం లేదన్నయ్యా."

"చపాతీ?"

"మింగుడు పడదు."

"అయితే అన్నం కాకూడదు, చపాతీ కాకూడదు. మెత్తగా ఉండాల. పాలుండాల. కోడుండాల." వేళ్ళు లెక్కపెట్టుకుని "చికెన్ పాస్తా. బేక్ చేసింది" అన్నాడు.

"రోజమ్మ వదినకెందుకు ఆ శ్రమ" అంది అమ్మ.

"రోజమ్మెందుకు? నేను చేస్తాను."

అమ్మా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. మావయ్య వంటింట్లోకి వెళ్ళడం మేమెన్నడూ చూడలేదు, చెంచా మార్చుకోవడానికి తప్ప.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళాడు. మా బజారులో కోళ్ళ కొట్టతని పేరు మృత్యుంజయ. ఆ పేరుకి అర్థం ఏమిటో కోళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. మావయ్య చెక్కబల్లని తట్టాడు, కత్తి పిడిని తట్టాడు, కాళ్ళు కట్టిన కోడి రొమ్ము ఎముక మీద చెంచా ఆనించాడు. కోడి ఆయన వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"ఇది ముసలిది."

"కాకూ" అన్నాడు మృత్యుంజయ, బెంగాలీలో బాబాయ్ అని అర్థం. "మీరు ఫిట్ అన్న కోడి నా కొట్టుకి ఇంతవరకూ రాలేదు. అన్‌ఫిట్ వాటిల్లో మంచిదేదో చెప్పండి, కోసేస్తాను."

బుధవారం మధ్యాహ్నం తువ్వాలు చుట్టిన గాజు గిన్నెతో మావయ్య దిగాడు. మూత తీస్తే పైన చీజ్ బంగారు రంగులో కమిలి, అంచుల్లో పాలసాసు ఇంకా బుడగలు వేస్తోంది. చూడటానికి ఏ లోపమూ లేదు. ఆయన గిన్నె అంచు మీద కొట్టి "అన్‌ఫిట్" అన్నాడు. అది మామూలే. అమ్మ అర చెంచా తిని "చాలా బాగుందన్నయ్యా" అంది. అదీ మామూలే. గిన్నె నా వైపు జరిగింది. మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. నేను అన్‌ఫిట్ అన్నాను. నువ్వు బాగుందన్నావు. ఇద్దర్లో ఒకళ్ళు తప్పు."

"నిజంగానే బాగుంది..."

"బండిని ఒక్కడు ఆపితే చెల్లదు. రెండో సంతకం ఉండాల. లోపం ఏటో కాగితం మీద రాయాల" అంటూ పొడుగాటి నోటుబుక్కు తీసి మంచం మీద పెట్టాడు. దాని పక్కన ఎర్ర పెన్ను పెట్టాడు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లల నోటుబుక్కులు దిద్దుతున్న మనిషి మా అమ్మ. ఎర్ర పెన్నుని చూడగానే ఆవిడ వేళ్ళు వాటంతటవే చాచుకున్నాయి. ఇంకో చెంచా తింది. కళ్ళు చిట్లించింది. "ఉప్పు లేదు" అని రాసింది.

"ఎక్కడ లేదు?"

"అంతటా లేదు."

"అంతటా చూడకుండా ఎలగ రాస్తావు? పైపొర చూశావు. అడుగుపొర చూశావా? బండిని పైనుంచి చూసి ఒగ్గేస్తామేటి?"

అమ్మ అడుగుపొర చూసింది. అక్కడా లేదు. నాలుగు మూలలూ చూడమన్నాడు. మూలల్లోనూ లేదు. కోడిముక్కల్లో ఉందేమోనన్నాడు. లేని ఉప్పుని వెతుకుతూ అమ్మ ఎనిమిది చెంచాలు తింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే అత్యధికం. చివర పదికి మూడు మార్కులు వేసి, సంతకం పెట్టి, తేదీ వేసి, నిద్రపోయింది.

మెట్లు దిగుతూ మావయ్య "మూడు మార్కులు ఎక్కువే" అన్నాడు. వంట రాని మనిషికి పౌరుషం ఎక్కువని నేననుకున్నాను.

శనివారం మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉప్పు సరిపోయింది గానీ పాస్తా ఉడికి ఉడికి ముద్దైపోయింది. "చెంచాకి అంటుకుని ఊడి రావడం లేదు" అని రాసింది అమ్మ. రాలేదని నిర్ధారించుకోవడానికి పది చెంచాలు పట్టింది. తర్వాతి బుధవారం పాలసాసులో మైదా ఉండలు కట్టింది.

"ఎన్ని ఉండలు?" అన్నాడు మావయ్య.

"చాలా."

"చాలా అంటే పిల్లలకి మార్కులేస్తావేటి నువ్వు? లెక్క రాయి."

పద్నాలుగు. లెక్కపెట్టాలంటే గిన్నె అడుగు దాకా వెళ్ళాలి కదా.

ఆపై శనివారం పొరలు తలకిందులయ్యాయి, పైన కరకరలాడాల్సిన రస్కు పొడి కింద నానిపోయింది. ఇంకోసారి కోడిముక్కలు ఒక్కోటి అరచేయంత ఉన్నాయి. ఇంకోసారి మిరియాలు మరిచిపోయాడు. ఒక మనిషి వారానికి రెండుసార్లు చొప్పున ఎప్పటికప్పుడు సరికొత్త తప్పు ఎలా చేయగలడో నాకు అంతుపట్టేది కాదు. అమ్మ రాతలు మాత్రం ఒక ముక్క నుంచి ఒక పేరా, పేరా నుంచి ఒక పేజీ అయ్యాయి.

"వెన్న కరిగాక మైదాని సన్నని మంట మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. పాలు ఒక్కసారిగా గుమ్మరించరాదు. కొంచెం పోసి, కలిపి, మళ్ళీ కొంచెం పోయాలి. చెయ్యి ఆపరాదు. పాస్తాని ఒక పలుకు ఉండగానే దించాలి, మిగతాది ఓవెన్‌లో ఉడుకుతుంది. ఇవి గత శనివారం కూడా చెప్పితిని. విద్యార్థి శ్రద్ధ చూపుట లేదు."

విద్యార్థికి డెబ్బై ఏళ్ళు. ఆ పేజీని గట్టిగా పైకి చదివి, "చేతిరాత బాగుంది" అనేవాడు. ఆయన నోట బాగుందన్న మాట నేను విన్నది అదొక్కటే.

మిషన్ నలభై అంది. నలభై ఒకటి అంది. వింత ఏమిటంటే, మావయ్య ఊపిరి పీల్చినా వెక్కిరించే రోజమ్మత్త ఈ పాస్తా గురించి ఒక్క మాటా అనలేదు. చర్చి దగ్గర అడిగితే "ఆయన వంట ఆయనిష్టం, నాకేటి తెలుసు" అని తప్పుకుంది. ఆవిడ కూడా ఆ రోజుల్లో కాస్త ఒళ్ళు చేసినట్టు కనిపించింది.

బడి తెరవడానికి పది రోజులుంది. మిషన్ నలభై ఒకటిన్నర దగ్గర ఆగిపోయింది. అమ్మ మంచం మీద కూర్చుని తింటోంది, రాస్తోంది, పడుకుంటోంది. లేచి నడవమంటే కాళ్ళు వణుకుతున్నాయంటోంది. పద్దెనిమిది మంది పిల్లల హాజరుపట్టీ తలగడ కింద పెట్టుకుంది. కమిటీవాళ్ళు మళ్ళీ మర్యాదగా ఫోన్ చేశారు.

ఆ శనివారం మావయ్య తెచ్చిన గిన్నె మూత తీయగానే ఏదో తేడా వాసన వచ్చింది. అమ్మ ఒక చెంచా తింది. నమిలింది. ఆగింది. నోట్లోంచి ఏదో తీసి వెలుగులోకి పెట్టి చూసింది.

"ఇదేమిటి?"

"కిస్‌మిస్" అన్నాడు మావయ్య.

"చక్కెర కూడా వేశావా?"

"మూడు చెంచాలు. ఈ ఊళ్ళో అన్నిట్లోనూ వేస్తారు కదేటి. యాలక్కాయ కూడా పడింది."

కోల్‌కతాలో పుట్టి పెరిగినా కూరలో చక్కెర అంటే అమ్మకి ఒళ్ళుమంట. ఆ ఒక్క విషయంలో ఆవిడ మర్యాదకి హద్దుంది.

"అన్నయ్యా, నువ్వు పాస్తా చెయ్యలేదు. పాయసంలో కోడిని వేశావు."

"అలగైతే పదికి ఎన్ని?"

"సున్నా. నెల రోజులుగా రాస్తున్నాను, ఒక్క ముక్క ఎక్కిందా బుర్రకి? రాసి ప్రయోజనం లేదు. చేసి చూపించాలి." అమ్మ దుప్పటి తన్నేసింది. "సుజనా, ఆ పాలు తీసి బయట పెట్టు. ఓవెన్ ఒకటి ఉండాలి కదా, వీళ్ళింటి నుంచి ఎవరు మోసుకొస్తారు?"

"కింద టోటోలో ఉంది" అన్నాడు మావయ్య.

ఓవెన్ ఆ బ్యాటరీ రిక్షాలో ఎందుకుందని ఆ హడావిడిలో ఎవరమూ అడగలేదు. చర్చి లక్కీ డిప్‌లో ఆయనకి వచ్చిన ఓవెన్ అది. తలుపు సరిగ్గా పడదు, నవారు తాడు కట్టాలి. నేనూ టోటో అతనూ మోసుకొచ్చేసరికి అమ్మ గోడ పట్టుకోకుండా వంటింట్లో నిలబడి ఉంది. కొంగు బిగించింది. మావయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి చేతులు కట్టుకోమంది.

"చూడు. వెన్న. ఇప్పుడు మైదా. ఏం చేస్తున్నాను?"

"కలుపుతన్నావు."

"ఎంతసేపు?"

"చెయ్యి నొప్పెట్టేదాకా."

"పచ్చివాసన పోయేదాకా. చెవులున్నాయి గానీ ముక్కు లేదు నీకు."

వెల్లుల్లి, క్యాప్సికం, చిన్నగా కోసిన కోడి. మిరియాల పొడి. పాలు కొంచెం కొంచెంగా. అమ్మ గంటసేపు నిలబడింది. అలసట వస్తే పక్కకి తిరిగి మావయ్యని ఒక ప్రశ్న అడిగేది, ఆయన తప్పు చెప్పేవాడు, కోపంలో అలసట మరిచిపోయేది. పొరలు వేసి, చీజ్ తురిమి, రస్కు పొడి చల్లి, ఓవెన్‌లో పెట్టి తలుపు తాడు కట్టాం. అరగంటలో ఆ వాసన మెట్ల మీదుగా కిందికి దిగి కాసులమ్మ పిన్నిని పైకి తీసుకొచ్చింది. "ఏటి వండుతున్నారే, మా ఇంట్లో ఎవళూ కూర ముట్టట్లేదు" అంటూ పళ్ళెంతోనే వచ్చింది.

అమ్మ తన చేతి వంట ఒక పళ్ళెం తింది. నోటుబుక్కు అడగలేదు. రెండో పళ్ళెం పెట్టుకుంది. అప్పుడు అందరం మావయ్య వైపు చూశాం. ఆయన ఖాళీ గిన్నెని మూడు చోట్ల తట్టి విన్నాడు.

"అన్‌ఫిట్."

"ఏం లోపం?" అంది అమ్మ, చెంచా ఆపి.

"గిన్నె చిన్నది. నాకు రెండోసారి రాలేదు."

ఆ తర్వాత వారంలో అమ్మ మూడుసార్లు వండింది. మొదట పాస్తా, తర్వాత పప్పు, తర్వాత వాసన పడని అన్నం కూడా. బడి తెరిచే ముందు రోజు మిషన్ నలభై మూడు పైన రెండు గీతలు చూపించింది. డాక్టర్ బాబు మాట తప్పలేదు, సంతకం పెట్టాడు. మర్నాడు అమ్మ విద్యాసాగర్ సేతు మీదుగా వెళ్ళే బస్సెక్కింది. పద్దెనిమిది మందిలో పదిహేడు మంది వచ్చారట. మిగిలినవాడికి డెంగీ.

ఆ సాయంత్రం గాజు గిన్నె తిరిగి ఇవ్వడానికి నేను మావయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన లేడు. రోజమ్మత్త వంటింట్లోకి రమ్మంది. గిన్నె పెడుతుంటే పొయ్యి పక్కన వేలాడుతున్న క్యాలెండర్ మీద నా కళ్ళు పడ్డాయి. బుధవారాల గళ్ళలో, శనివారాల గళ్ళలో పెన్సిల్‌తో చిన్న అక్షరాలున్నాయి. "ఉప్పు లేదు." "మెత్తన." "ఉండలు, పదీ పదిహేను." "పొరలు తిరగేసి." పైన ఖాళీలో పెద్ద అక్షరాలతో: "కారం వద్దు. నూనె వద్దు. మాడు వద్దు. తప్పు నోటికే, కడుపుకి కాదు."

నేను తిరిగి చూసేసరికి రోజమ్మత్త పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"చూసేశావా? చూడు చూడు. నెల్రోజులుగా ఎవళికీ చెప్పకుండా నా నోరు ఎండిపోయింది."

మావయ్య చక్రాల తనిఖీ ఉద్యోగానికి ముందు ఆరేళ్ళు ఆఫీసర్లు లైను చూడటానికి వెళ్ళే ప్రత్యేకమైన రైలు పెట్టెలో వంటపని చేశాడట. బేక్ చేయడంలో ఆయనకి పేరుండేదట. ఆయన బేక్ చేసిన ఒక్క గిన్నె కోసం ఒక పెద్ద ఆఫీసరు తనిఖీని ఇంకో రోజు పొడిగించాడని కూడా అత్త చెప్పింది. అది కొంచెం ఎక్కువే అనిపించింది.

"మరి ఇంట్లో ఎప్పుడూ చెయ్యడేం అత్తా?"

"చేసేవాడే. నేను బాగుందంటాను, ఆయన అన్‌ఫిట్ అంటాడు. పదేళ్ళు తగువాడుకుని, నా వంట నేను చేసుకుంటానని గరిటె లాక్కున్నాను."

"మరి ఇవన్నీ..."

"మంచిది చేయడానికి ముప్పావుగంటే. చెడగొట్టడానికి రెండు గంటలు. ముందు మంచి గిన్నె ఒకటి చెయ్యాలంట, దాన్ని రుచి చూసి ఎక్కడ చెడగొడితే రోగికి దెబ్బ తగలదో చూసుకోవాలంట, అప్పుడు రెండో గిన్నె చెయ్యాలంట. రెండోది మీ ఇంటికి. మొదటిది?" అత్త తన రవిక చేతుల బిగువు చూపించింది. "ఎవళు తినాల? చూడు నన్ను."

అంతలో మావయ్య వచ్చాడు. నన్నూ, క్యాలెండర్‌నీ, అత్తనీ వరసగా చూశాడు. పట్టుబడ్డ మొహం పెట్టాల్సింది పోయి క్యాలెండర్ మేకుని తట్టి "అన్‌ఫిట్, ఊగుతోంది" అన్నాడు.

"అమ్మకి చెప్పనా మావయ్యా?"

"వద్దే. టీచరు. వేసిన మూడు మార్కులు కూడా కొట్టేస్తాది."

నేను రహస్యాలు దాచుకోగలను గానీ ఇంట్లో కాదు. ఆ రాత్రి అన్నాలయ్యాక అమ్మ కొత్త నోటుబుక్కులు దిద్దుతుంటే చెప్పేశాను. ఆవిడ తలెత్తలేదు.

"మూడో గిన్నెకే తెలుసు."

"ఎలా?"

"రానివాడు ఒకే తప్పు పదిసార్లు చేస్తాడే. వారం వారం కొత్త తప్పు చేయాలంటే పాఠం మొత్తం వచ్చి ఉండాలి. ఉండలు పద్నాలుగూ ఒకే సైజులో ఉన్నాయి, ఎవరో చేత్తో చుట్టినట్టు." ఒక పేజీ తిప్పింది. "నా దగ్గర అంత శ్రద్ధగా తప్పులు రాసిన విద్యార్థి ఇంకొకడు లేడు."

"తెలిసి కూడా తిన్నావా?"

"అంత కష్టపడి చెడగొట్టుకొస్తే తినకపోతే ఏం బాగుంటుంది?"

"మరి కిస్‌మిస్ రోజు? అదీ నటనేనా?"

ఎర్ర పెన్ను ఆగింది. "అది మాత్రం నిజమైన కోపమే" అంది అమ్మ. "కోడిలో కిస్‌మిస్ ఏమిటి, అసహ్యం."

సత్యరాజు మావయ్యకి ఇప్పుడు డెబ్బై ఒకటి. రేవులో క్రేను నడిపి రిటైరైన పోలిరాజు తాత మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఫిజియోథెరపీ మానేసి వాట్‌గంజ్‌లో మంచం దిగనంటున్నాడు. మావయ్య మంగళవారం, శుక్రవారం ఆయనకి బస్సులో చేపల పులుసు పట్టుకెళుతున్నాడు. నిన్నటి పులుసులో చింతపండు లేదట.